కుండ మీద పేరు

(పాన్‌గల్‌లో గిరిజన యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



'మన కళలు' అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు మమ్మల్ని పిలిచారు. హాస్టల్ వార్డెన్లం మేము. బియ్యం లెక్క, పాల లెక్క, హాజరు పట్టీ మా రోజువారీ పని. కానీ మేమూ బీఎడ్ చదివి వచ్చినవాళ్లమే. రాత్రి స్టడీ అవర్‌లో పిల్లలు సోషల్ పుస్తకం పట్టుకొని వస్తే చెప్పకుండా ఉండలేం. ఈ రోజు చెప్పబోయే సంగతి కూడా ఒక పిల్ల అడిగిన ప్రశ్న నుంచి వచ్చిందే.

మూడేళ్ల కిందట మా హాస్టల్లో చిన్న ప్రదర్శన పెట్టాం. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెమ్మని పిల్లలకు చెప్పాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వాళ్ల దాదీ కుట్టిన ఫేటియా ముక్క తెచ్చింది. అద్దాలు, గవ్వలు, ఎర్ర దారం, పచ్చ దారం. చేత్తో తడిమితే కుట్టు కుట్టుకూ లెక్క తెలుస్తుంది. దాన్ని గోడకు కట్టి, కింద అట్ట మీద 'లంబాడీ కుట్టు పని' అని స్కెచ్ పెన్నుతో రాశాం. పక్క గోడకు ప్రపంచ కళల చార్టు ఉంది. అందులో ఒక గ్రీకు కుండ బొమ్మ, దాని కింద 'ఎక్సీకియాస్, క్రీ.పూ. 540' అని ఉంది.

ఆ పిల్ల రెండింటినీ చూసి మమ్మల్ని అడిగింది. "మేడం, ఆయన పేరు రాసిండ్రు, మా దాదీ పేరు ఎందుకు రాయలె? ఆయన ఎప్పుడో సచ్చిపోయిండు, మా దాదీ ఇంకా బతికే ఉంది కదా?"

మాకు నోట మాట రాలేదు. "మీ దాదీ పేరేంటి తల్లీ?" అన్నాం. ఆ పిల్ల కాసేపు ఆలోచించి తల దించుకుంది. "దాదీ అనే పిలుస్తం మేడం, పేరు తెల్వదు" అన్నది.

తప్పు ఆ పిల్లది కాదు, మాది. పేరు అడగాలన్న ఆలోచన చదువుకున్న మాకే రాలేదు. ఆ రోజు నుంచి ఆ ఎక్సీకియాస్ ఎవరు, ఆయన పేరు మన పాన్‌గల్ హాస్టల్ గోడ దాకా ఎట్లా వచ్చిందని చదవడం మొదలుపెట్టాం. చదివింది మీతో పంచుకుంటాం.

మధ్యధరా సముద్రం చుట్టూ గ్రీసు, ఇటలీ, ఈజిప్టు, టర్కీ ఉన్నాయి. అక్కడి ఏథెన్స్ పట్టణంలో 2,500 ఏళ్ల కిందట కుమ్మరుల వాడ ఒకటి ఉండేది. నీళ్లకు, నూనెకు, ద్రాక్ష సారాకు కుండలు చేసేవాళ్లు. వాటి మీద బొమ్మలు వేసేవాళ్లు. అది రాజుల కొలువు కాదు, కష్టజీవుల వాడ. కొన్ని కుండల అడుగున అప్పటి ధరలు గీకి ఉన్నాయి. వాటిని చదివిన పండితులు, బొమ్మలు వేసిన పెద్ద కుండ కూడా పనివాడి రెండు మూడు రోజుల కూలికే వచ్చేదని చెబుతారు. అంటే అప్పట్లో అది మార్కెట్ సరుకే.

ఆ కుండల మీద నలుపు రంగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. అది రంగే కాదు. కుండ చేసిన ఇనుప మట్టినే నీళ్లలో బాగా కలిపి, తేర్చి, పైన తేలిన మెత్తటి మట్టితో బొమ్మ వేస్తారు. ఆ తర్వాత పనంతా ఆవంలోని మంటదే. మొదట గాలి ఆడనిస్తారు, కుండంతా ఎర్రబడుతుంది. తర్వాత గాలి దారి మూసి పచ్చి కట్టెలు వేస్తారు, పొగ కమ్మి కుండంతా నల్లబడుతుంది. ఆ వేడికి బొమ్మ వేసిన మెత్తటి మట్టి కరిగి గాజులాగా బిగుసుకుంటుంది. మూడోసారి మళ్లీ గాలి వదులుతారు. మామూలు మట్టి గాలి పీల్చుకొని మళ్లీ ఎర్రగా మారుతుంది. గాజులా బిగుసుకున్న చోట గాలి లోపలికి పోదు కాబట్టి అది నల్లగానే ఉండిపోతుంది. ఒకటే మట్టి, ఒకటే మంట, రెండు రంగులు. సైన్సు మాస్టర్లు దీన్ని ఆక్సీకరణం, క్షయకరణం అని చెబుతారు. ఆ కుమ్మరులకు ఆ మాటలు తెలియవు, పని తెలుసు.

మొదట్లో ఎర్ర కుండ మీద నల్ల బొమ్మలు వేసి, సన్నని మొనతో గీకి వివరాలు చూపేవాళ్లు. క్రీ.పూ. 530, 520 ప్రాంతంలో దాన్ని తిరగేశారు. చుట్టూ నలుపు పూసి బొమ్మను ఎర్రగా వదిలి, కుంచెతో గీతలు గీశారు. అప్పుడు కనురెప్ప, చేతి నరం కూడా చూపించగలిగారు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. ఎరుపు నలుపు కుండల కోసం ఏథెన్స్ దాకా పోనక్కర్లేదు. మన తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్లు, పాండవుల గుళ్లు అని పిలిచే రాతి సమాధులు ఉన్నాయి. వాటిని తవ్వితే లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు దొరుకుతాయి. ఇనుప యుగం నాటివి. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి పోక నల్లబడుతుంది, బయట గాలి తగిలి ఎర్రబడుతుంది. ఇట్లాగే చేసి ఉంటారని పండితుల మాట. అంటే గాలిని ఆపడం, వదలడం అనే విద్య ఇక్కడి కుమ్మరికీ తెలుసు, అక్కడి కుమ్మరికీ తెలుసు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఆ కాలపు నిలువు రాళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 2025లో వాటిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. మన పాలమూరు నేల మీదిదే అది.

అయితే ఒక తేడా ఉంది. మన సమాధి కుండల మీద గీకిన గుర్తులు కొన్ని ఉన్నాయి. అవి ఏమిటో ఎవరూ చదవలేకపోతున్నారు. ఏథెన్స్ కుండల మీద పేర్లు ఉన్నాయి. ఎక్సీకియాస్ చేసిన ఒక కుండ ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. యుద్ధం మధ్యలో ఇద్దరు వీరులు కూర్చొని మన అష్టాచెమ్మా లాంటి ఆట ఆడుతున్నారు. ఒకరి నోటి పక్క 'నాలుగు' అని, ఇంకొకరి నోటి పక్క 'మూడు' అని రాసి ఉంది. ఆ కుండ అంచు మీద ఇంకో మాట ఉంది. 'నన్ను ఎక్సీకియాస్ చేశాడు, బొమ్మా ఆయనే వేశాడు' అని కుండే మాట్లాడుతున్నట్టు రాశాడు. ఆ ఒక్క మాటతోనే ఆయన పేరు మన హాస్టల్ చార్టు దాకా వచ్చింది.

అట్లా సంతకం పెట్టినవాళ్లందరూ ఊళ్లో గొప్ప కుటుంబాల వాళ్లని అనుకోకండి. ఒకరి పేరు లిడోస్, అంటే లిడియా దేశపువాడు. ఒకరి పేరు స్కైథెస్, అంటే స్కైథియా వాడు. పేర్లు చూస్తేనే బయటి నుంచి వచ్చిన జనం అని అనిపిస్తుంది. ఊరి చివర బతికే పనివాళ్లు కూడా తమ పేరు తాము రాసుకున్నారు.

అక్కడా అందరికీ న్యాయం జరగలేదు. ఇటలీలో ఒక నీళ్ల బిందె ఉంది, క్రీ.పూ. 460 ప్రాంతానిది. దాని మీద కుండల పనిశాల బొమ్మ ఉంది. మగవాళ్లు కుండలకు బొమ్మలు వేస్తుంటే దేవతలు వచ్చి వాళ్ల తలల మీద పూల కిరీటాలు పెడుతున్నారు. ఒక పక్క చివరన ఒక ఆడమనిషి కూర్చొని పెద్ద కుండకు బొమ్మ వేస్తోంది. ఆమె దగ్గరికి ఏ దేవతా కిరీటం పట్టుకొని రాలేదు. ఆమె పేరూ లేదు. ఆ బొమ్మ చూసినప్పుడు మాకు ఆ పిల్ల దాదీయే గుర్తొచ్చింది.

మీరు ఇంకో బొమ్మ కూడా చూడాలి. గ్రీకు భాషలో నీళ్ల బిందెను హైడ్రియా అంటారు. పక్కల ఎత్తడానికి రెండు పిడులు, వెనక వంచి పోయడానికి ఒక పిడి ఉంటాయి. చాలా హైడ్రియాల మీద ఊరి నీళ్ల కట్ట దగ్గర ఆడవాళ్ల బొమ్మలు ఉంటాయి. తల మీద చుట్టకుదురు, దాని మీద బిందె. ఖాళీ బిందెను అడ్డంగా పెట్టుకొని పోతారు, నిండు బిందెను నిలువుగా పెట్టుకొని వస్తారు. ఇది చదివినప్పుడు మా హాస్టల్ వంటమ్మ నవ్వి, "ఇది మా తాండా బోరింగు కాడి సంగతే కదా మేడం" అన్నది. మన తాండా ఆడవాళ్లు గవ్వలు కుట్టిన చుట్టకుదురు మీద బిందె మీద బిందె పెట్టుకొని నడిచిన రోజులు మీ యాడీలను అడగండి, చెబుతారు. ఆ గ్రీకు బొమ్మల్లో కొన్నింటిలో ఆ నీళ్ల మనుషుల పక్కన పేర్లు కూడా రాసి ఉన్నాయి.

తీజ్ పండుగ గురించీ చెప్పాలి. మన ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు కలిపి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. పాటలు పాడతారు. చివరి రోజు ఆ మొలకలను నీళ్లలో కలుపుతారు. ఏథెన్స్‌లో కూడా ఆడవాళ్లు ఎండాకాలంలో పగిలిన కుండ పెంకుల్లో తొందరగా మొలిచే గింజలు చల్లి, నిచ్చెన ఎక్కి ఇంటి కప్పు మీద పెట్టేవాళ్లు. వాటిని అడోనిస్ తోటలు అంటారు. ఆ నిచ్చెన, ఆ కుండ పెంకు తోట ఒక చిన్న నూనె కుండ మీద బొమ్మగా ఉన్నాయి, అది జర్మనీలోని కార్ల్స్‌రూ మ్యూజియంలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇట్లాంటి పోలిక దొరకగానే ఫోన్‌లో ఎవరో ఒకరు 'మన పూర్వీకులు గ్రీకులు' అని, 'గ్రీకులు మన దగ్గరే నేర్చుకున్నారు' అని పంపుతారు. మీరు దాన్ని పది గ్రూపులకు పంపకండి. పోలిక వేరు, బంధుత్వం వేరు. అడోనిస్ తోట వాడిపోవాలి, ఎందుకంటే అది చిన్న వయసులో చనిపోయినవాడి కోసం ఏడ్చే పండుగ. మన తీజ్ మొలక పచ్చగా ఎదగాలి. మొలక బాగా వస్తే పిల్లకు మంచి జరుగుతుందని సంబరపడతాం. చేతి పని ఒకటే, అర్థం వేరు. మన పండుగ గొప్పదని చెప్పడానికి గ్రీకుల సాక్ష్యం అవసరం లేదు. గింజ, నీళ్లు, ఆడపిల్లల చేతులు ఉన్నచోట ఇట్లాంటి పండుగ పుట్టగలదని తెలుసుకుంటే చాలు.

నిజమైన రాకపోకలు కూడా ఉన్నాయి. మన సోమశిల దగ్గర పారే కృష్ణ నీళ్లే కిందికి నాగార్జునకొండ చేరతాయి. సాగర్ ఆనకట్ట కట్టే ముందు 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు చేశారు. ఇక్ష్వాకుల నాటి ఒక రాతి స్తంభం మీద గడ్డం, కొమ్ముతో చేసిన తాగే పాత్ర, పక్కన సారా పీపా ఉన్న మనిషి బొమ్మ దొరికింది. గ్రీకుల ద్రాక్ష సారా దేవుడు డయోనిసస్‌తో దాన్ని పోల్చారు. రోమన్ నాణేలు తెలంగాణలో చాలా చోట్ల దొరికాయి. ఆ కాలంలో గ్రీకు నావికుడొకడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మచిలీపట్నం తీరపు సన్నని బట్టల మాట ఉంది. మన సరుకు కోసం ఏటా 5 కోట్ల సెస్టర్సుల డబ్బు పోతోందని రోమన్ పెద్దమనిషి ప్లినీ బాధపడ్డాడు. మన నేత పనికి అంత గిరాకీ ఉండేది. నేసినవాళ్ల పేర్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

దీనికి దగ్గరిదే ఇంకో కథ. 1945లో పుదుచ్చేరి దగ్గర అరికమేడులో వీలర్ అనే ఆయన తవ్వకాలు చేశాడు. లోపల గుండ్రంగా వరస వరసలుగా సన్నని గుంటలు నొక్కిన నున్నటి పళ్లేలు దొరికాయి. ఇంత నాణ్యమైన పని మధ్యధరా వాళ్లదే అయి ఉంటుందని అనుకున్నారు. అట్లాంటివే మన తెలుగు నేల మీద ధరణికోటలో, శాలిహుండంలో కూడా దొరికాయి. తర్వాత మట్టిని పరీక్ష చేసి చూస్తే అది భారతదేశపు మట్టే, ఇక్కడి కుమ్మరుల పనే అని తేలింది. సంతకం లేని పనిని ఎవరి పేరు మీదైనా రాయొచ్చు. చేసినవాడి పేరు లేకపోతే చూసినవాడు తనకు నచ్చిన పేరు పెడతాడు.

సొమ్ము సంగతి కూడా చూద్దాం. యూఫ్రోనియస్ అనే ఏథెన్స్ చిత్రకారుడు క్రీ.పూ. 515 ప్రాంతంలో ఒక పెద్ద కుండకు బొమ్మ వేశాడు. చనిపోయిన వీరుడిని నిద్ర, మరణం అనే ఇద్దరు అన్నదమ్ములు ఎత్తుకొని పోతుంటారు. 1971లో ఇటలీలో ఒక సమాధిని దొంగలు తవ్వి దాన్ని బయటికి తీశారు. 1972లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాన్ని దాదాపు 10 లక్షల డాలర్లకు కొన్నది. 1995లో జెనీవాలో ఒక వ్యాపారి గోదాము మీద పోలీసులు దాడి చేస్తే దొంగ సరుకు ఫొటోలు వేల కొద్దీ దొరికాయి. అట్లాంటి ఆధారాలు ముందు పెట్టి ఇటలీ గట్టిగా అడిగింది. 2008లో ఆ కుండ ఇటలీకి తిరిగి వచ్చింది. ఏ వస్తువు ఎక్కడిదో చెప్పే ఫొటో ఉంటేనే అడిగే హక్కు నిలబడుతుంది.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఏథెన్స్ పార్థినాన్ గుడి శిల్పాలు ఉన్నాయి. గ్రీసు ఇప్పటికీ వాటిని ఇమ్మని అడుగుతోంది. అదే భవనంలో మన అమరావతి స్తూపం శిల్పాలూ ఉన్నాయి. 1859లో ఓడ ఎక్కాయి. అక్కడికి పోయిన వాటిని తెచ్చే శక్తి మనకు ఈ రోజు లేకపోవచ్చు. కానీ మన తాండాల నుంచి, మన పెంటల నుంచి పోతున్న వాటిని ఆపే శక్తి ఉంది.

ఏం పోతున్నాయో మీకు తెలుసు. స్టీలు సామాన్ల బండి వస్తుంది. పాత ఫేటియా, కాంచళి, టుక్రి ఇస్తే రెండు గిన్నెలు ఇస్తాడు. ఆ ముక్కలే పట్నంలో సంచులుగా, గోడ పరదాలుగా మారి వేల రూపాయలకు పోతాయి. అమ్మడం తప్పు అనడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. విలువ తెలియక ఇవ్వడం, పేరు రాసుకోకుండా ఇవ్వడమే నష్టం. ఏథెన్స్ కుమ్మరి కూడా తన కుండను రెండు రోజుల కూలికే అమ్ముకున్నాడు. కానీ పేరు రాసి అమ్మాడు.

ఆ పిల్ల సంగతి మధ్యలో వదిలేశాం. ఆ వారం ఇంటికి పోయి దాదీ పేరు అడిగి, నోట్ బుక్కులో రాసుకొని వచ్చింది. పేరొక్కటే కాదు. ఆ కుట్టు ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ ఏడు ఎవరి పెళ్లికి కుట్టిందో, ఒక్కో కుట్టును మన భాషలో ఏమంటారో దాదీ చెబుతుంటే రెండు పేజీలు రాసింది. మేము పాత అట్ట తీసేసి కొత్త అట్ట మీద పెద్ద అక్షరాలతో ఆ పేరు రాశాం. పేరెంట్స్ మీటింగ్‌కు దాదీ వచ్చింది. ఆమెకు చదువు రాదు. మనవరాలు వేలు పెట్టి చూపిస్తే తన పేరును చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. కొంగుతో అట్ట మీది దుమ్ము తుడిచింది.

ఆ మరుసటి ఏడు దాదీ పోయింది. ఇంట్లో మిగిలిన బట్టలు స్టీలు బండికి పోయాయని తర్వాత తెలిసింది. మా గోడ మీది ఆ ముక్క, ఆ పిల్ల రాసుకున్న రెండు పేజీలు మాత్రమే ఉన్నాయి. ఆ రోజు ఆ పిల్ల మమ్మల్ని ఆ ప్రశ్న అడగకపోతే అవి కూడా ఉండేవి కాదు.

అందుకే మీ దగ్గర నాలుగు పనులు అడుగుతున్నాం.

ఒకటి. ఈ ఆదివారం మీ తాండాలో, పెంటలో పెద్దమనుషుల దగ్గర కూర్చోండి. కుట్టు కుట్టేవాళ్లు, బుట్ట అల్లేవాళ్లు, విల్లు చేసేవాళ్లు, డప్పు బిగించేవాళ్లు ఎవరో చూడండి. పేరు, ఇంటి పేరు, తాండా, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు చేశారు, ఆ పనికి మన భాషలో మాటలేమిటి అని రాయండి. గోర్‌బోలీ మాటను తెలుగు అక్షరాల్లో మీకు వినపడినట్టే రాయండి.

రెండు. ఫోన్‌తో ఫొటో తీయండి. వస్తువు ముందు, వెనక, దగ్గరి నుంచి ఒకటి, చేసినవాళ్లతో ఒకటి. ముందు వాళ్లను అడగండి. వద్దంటే తీయకండి. పూజ వస్తువులు కొన్ని బయటికి చూపకూడదనే కట్టుబాటు ఉంటుంది, దాన్ని గౌరవించండి.

మూడు. చేను దున్నేటప్పుడు, జేసీబీతో తవ్వేటప్పుడు పాత కుండలు, నాణేలు బయటపడితే పగలగొట్టకండి, నిధి ఉందని రాత్రి పూట తవ్వకండి. భూమిలో దొరికిన పది రూపాయలు మించిన విలువైన దేన్నైనా కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతుంది. నూరేళ్లు దాటిన కళావస్తువులను ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం ఉంది. వస్తువును కదిలిస్తే అది చెప్పే కథ సగం పోతుంది. ఉన్నచోటే ఫొటో తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పండి.

నాలుగు. విరిగిందని, చిరిగిందని పారేయకండి. ఇటలీలోని ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఫ్రాంస్వా కుండ అని ఒకటి ఉంది. దాని మీద 270 బొమ్మలు. చేసినవాడు ఎర్గోటిమోస్, బొమ్మలు వేసినవాడు క్లైటియాస్, ఇద్దరి పేర్లూ దాని మీద ఉన్నాయి. 1900లో అక్కడి కాపలాదారు ఒకడు కోపంలో స్టూలు విసిరితే అది 638 ముక్కలైంది. ముక్క ముక్కా ఏరి అతికించారు. ఈ రోజుకూ నిలబడి ఉంది. ముక్కలను ఏరుకొనే ఓపిక ఉన్న జనానికి చరిత్ర మిగులుతుంది.

చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పట్నం కాలేజీలో యాడీ ఫేటియా కట్టుకుందని చెప్పడానికి సిగ్గుపడే రోజులు మేమూ చూశాం. మా చదువు రోజుల్లో మేమూ సిగ్గుపడ్డాం. ఇప్పుడు మీరు అదే కట్టుకొని తిరగాలని మేం అనడం లేదు, ఏం కట్టుకోవాలో అది మీ ఇష్టం. అది ఎవరు కుట్టారో చెప్పగలగాలి, అంతే.

మా హాస్టల్లో ఒక పెద్ద రిజిస్టరు తెరిచాం. మొదటి పేజీలో ఆ దాదీ పేరు ఉంది. ఈ సమావేశం నుంచి వెళ్లే ముందు బయట బల్ల మీద అది ఉంటుంది. మీ ఇంట్లో ఒక్కరి పేరైనా రాసి పొండి. పేరు గుర్తుకు రాకపోతే సిగ్గుపడకండి, ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి అడగండి. ఆ పిల్లకూ మొదట తెలియదు.